ఊరంతా ఒక దారి, మన హోస్‌ది ఒక దారి: డైవింగ్ సామానులో ఏ ఫిట్టింగ్ ఎంచుకోవాలి?

రుషికొండ ఒడ్డు, ఉదయం ఆరున్నర. పడవ సిద్ధంగా ఉంది. సముద్రం పరిచిన చాపలా ఉంది. ముందురోజు దిగివచ్చినవారు నీళ్లు తేటగా ఉన్నాయని ఊరించి వెళ్లారు. నేను సిలిండర్ వాల్వ్ తిప్పగానే, బీసీడీకి (నీళ్లలో తేలడం, మునగడం సర్దుకోవడానికి గాలి నింపుకునే జాకెట్) గాలి తెచ్చే హోస్ ఇత్తడి మూతి దగ్గర బొప్పి కట్టినట్టు ఉబ్బింది. ఇంకాస్త ఆగితే పేలేదే.

హోస్ పోవడం పెద్ద విషయం కాదు. పడవలో మరో ఐదుగురు ఉన్నారు, వారి సంచుల్లో అదనపు హోస్‌లు రెండున్నాయి. రెండూ నా రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్‌కి, అంటే సిలిండర్‌కు బిగిసి గాలి ఒత్తిడి తగ్గించే భాగానికి, చక్కగా బిగుసుకున్నాయి. చిక్కంతా రెండో కొస దగ్గరే. నాది బీసీడీలోకి గాలి నింపే మామూలు ఇన్‌ఫ్లేటర్ కాదు. అత్యవసరంలో దానిలోంచే ఊపిరి కూడా తీసుకునేలా, ఆక్టోపస్‌నూ (ఊపిరి తీసుకునే అదనపు మూతి) ఇన్‌ఫ్లేటర్‌నూ ఒకటిగా చేసిన రకం. హోస్ తగిలే దాని మూతి, కప్లింగ్, ఆ కంపెనీ తనకోసం తాను చేసుకున్నది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉదయం నేను ఒడ్డున కూర్చుని ఐదుగురి చెప్పులకూ ఫోన్లకూ కాపలా కాశాను.

మర్నాడు ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోస్‌లు కట్టే దుకాణానికి వెళ్లాను. యజమాని ఆ కప్లింగ్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాడు, వెర్నియర్‌తో రెండుసార్లు కొలిచాడు, చివరికి బల్ల మీద పెట్టేశాడు. “హోస్‌కేముంది సార్, పావుగంట పని. ఈ మూతి ఎక్కడినుంచి తెమ్మంటారు? అయినా ఊపిరి పీల్చుకునేదంటున్నారు, అలాంటిది నేను కట్టను” అన్నాడు. రెండో మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. అసలు హోస్ విదేశం నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నీళ్లు మళ్లీ మడ్డిగా మారాయి.

అప్పటినుంచి ఎవరైనా ఏ కంపెనీ సామాను మంచిదని అడిగితే, నేను వేరే ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. ఈ వస్తువు ఆదివారం ఉదయం పాడైతే, విశాఖలో దీని బదులు ఏది దొరుకుతుంది? బయటి ఊరివారు, నేవీ ఉన్న ఊరు కదా, డైవింగ్ సామానుకు కొదవేమిటి అంటారు. నౌకాదళం సామాను నౌకాదళానిదే. సరదాకు దిగే మనకు ఉన్నవి ఒకటి రెండు శిక్షణ కేంద్రాలు, కొరియర్ సంస్థలు, తోటి డైవర్ల సంచులు. వర్షాలు, తుపానులు పోగా మిగిలే మంచి రోజులు కొద్ది. ఆ కొద్ది రోజుల్లో పక్కవాడి దగ్గర ఉన్న మామూలు భాగం, దుకాణం కేటలాగులో ఉన్న గొప్ప భాగం కన్నా విలువైనది.

వంటింట్లో గ్యాస్ బండను చూడండి. ఇండేన్ అయినా, భారత్ అయినా, హెచ్‌పీ అయినా 14.2 కిలోల బండ మూతి కొలత ఒకటే, 22 మిల్లీమీటర్లు. రెగ్యులేటర్ కోసం ఎవరూ కంపెనీ పేరు చూసి కంగారుపడరు. డైవింగ్‌లో కొన్ని చోట్ల సరిగ్గా ఇలాంటి ఒప్పందమే ఉంది, కొన్ని చోట్ల లేదు. ఎక్కడ ఉందో ఎక్కడ లేదో తెలిస్తే కొనుగోలులో సగం పని అయిపోయినట్టే.

సిలిండర్ మూతి: యోక్, డిన్

ముందు ఒక మాట. సిలిండర్ సాధారణంగా మనది కాదు, అద్దెది. మన దేశంలో సిలిండర్లకు గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 వర్తిస్తాయి, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి లేనిదే విదేశం నుంచి తెచ్చుకోవడం కుదరదు. కాబట్టి సొంత సిలిండర్ ఆలోచన చాలామంది మానుకోవచ్చు. అంటే సిలిండర్ ఎలా ఉంటుందో నిర్ణయించేది అద్దెకిచ్చేవారు. దానికి తగ్గట్టు మన రెగ్యులేటర్ ఉండాలి.

ఇక్కడ రెండు పద్ధతులు ఉన్నాయి, రెండూ ప్రామాణికాలే. యోక్ అంటే సిలిండర్ వాల్వ్ చుట్టూ గుర్రపు కళ్లెంలా పట్టుకుని, వెనక మర బిగిస్తే కూర్చునేది. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుతో వచ్చింది. రెగ్యులేటరే 5/8 అంగుళం థ్రెడ్‌తో వాల్వ్ లోపలికి దిగుతుంది. మన దేశంలో అద్దెకు ఎక్కువగా దొరికేది 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్. దాన్ని 207 బార్ (ఒత్తిడి కొలత) వరకు నింపుతారు. యోక్ 232 బార్ దాకా పనికొస్తుంది గనుక ఆ సిలిండర్‌కు ఏ లోటూ లేదు.

తేడా అంతా గాలి కారకుండా ఆపే ఒక చిన్న రబ్బరు వలయం, ఓ-రింగ్, ఎక్కడ కూర్చుంటుందన్నది. యోక్‌లో అది సిలిండర్ వాల్వ్ ముఖం మీద ఉంటుంది. ఎవరి సిలిండర్ అయితే వారి ఓ-రింగ్, ఎన్ని ఎండలు చూసిందో ఎవరికి తెలుసు. పడవ అంచుకు గట్టిగా తగిలితే ఆ బిగింపు కాస్త జరిగి, రింగ్ పక్కకు పొడుచుకొచ్చి గాలి బుస్సుమంటుంది. డిన్‌లో రింగ్ మన రెగ్యులేటర్ కొసన ఉంటుంది, బిగించాక నాలుగు వైపులా లోహం మధ్య బంధించి ఉంటుంది. మన రింగ్‌ను మనమే కడుగుతాం, మనమే మారుస్తాం. ఈ ఒక్క కారణం చాలు, కొత్తగా కొనేవారికి నేను డిన్ చెప్పడానికి.

అయితే అద్దె సిలిండర్లు యోక్‌వి కదా? డిన్ రెగ్యులేటర్‌కు యోక్ అడాప్టర్ తగిలించుకోవచ్చు. దానివల్ల ఫస్ట్ స్టేజ్ కొంత వెనక్కి పొడుచుకొచ్చి, తల ఎత్తినప్పుడు మాడుకు తగులుతుంది. నాకు తగిలింది, అలవాటైంది. చాలా వాల్వులు రెండు విధాలా పనికొచ్చేవే. లోపల ఒక మరబిళ్ల ఉంటుంది, 8 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో విప్పితే డిన్ దిగుతుంది, బిగిస్తే యోక్ పడుతుంది. గాలి ఖాళీ అయ్యాకనే దాన్ని తాకాలి. ఒక వాల్వ్‌లో బిళ్ల తీసి వేరే కంపెనీ వాల్వ్‌లో పెట్టవద్దు, చూపుకు ఒకటే అనిపించినా కూర్చునే తీరు వేరుగా ఉండవచ్చు. ప్రామాణిక మూతి లోపల దాగిన సొంత ఫిట్టింగ్ అది.

డిన్‌లోనూ 200 బార్ రకం, 300 బార్ రకం అని రెండున్నాయి. రెండో దాని థ్రెడ్ పొడవు ఎక్కువ. 300 రకం రెగ్యులేటర్ రెండు వాల్వులకూ పడుతుంది. 200 రకం పొట్టిది, 300 వాల్వ్ అడుగుకు అందదు, గాలి నిలవదు. పొరపాటున తక్కువ ఒత్తిడి సామాను ఎక్కువ ఒత్తిడి సిలిండర్‌కు తగిలించకూడదని కావాలనే అలా చేశారు. కొనేటప్పుడు పొడవాటిదే కొనండి.

ఫస్ట్ స్టేజ్ చుట్టూ

ఇక్కడ డైవింగ్ ప్రపంచం మొత్తం దాదాపు ఒకే మాట మీద ఉంది. తక్కువ ఒత్తిడి హోస్‌లన్నిటికీ 3/8 అంగుళం థ్రెడ్, సిలిండర్‌లో ఎంత గాలి ఉందో చూపే ఎక్కువ ఒత్తిడి గేజ్ హోస్‌కు 7/16 అంగుళం, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ వైపు కొసకు 9/16 అంగుళం. మొదటిదానికి 011 నంబరు ఓ-రింగ్, రెండోదానికి 012, మూడోదానికి 010. యోక్ వాల్వ్ ముఖానికి 014, డిన్ కొసకు సాధారణంగా 112. ఈ నంబర్లు డైవింగ్ కంపెనీలవి కావు, పరిశ్రమలన్నీ వాడే కొలతలవి. కాబట్టి హైడ్రాలిక్ దుకాణంలో అడిగినా దొరుకుతాయి. గాలికి మామూలు నైట్రైల్ రబ్బరు సరిపోతుంది, ఎక్కువ ఒత్తిడి వైపు గట్టి రకం, 90 డ్యూరోమీటర్‌ది అడగండి. ఆక్సిజన్ శాతం ఎక్కువున్న గ్యాస్‌కు మాత్రం ఈ దుకాణం రింగులు వద్దు.

పాత ఫస్ట్ స్టేజ్‌లలో ఎక్కువ ఒత్తిడి పోర్టు కూడా 3/8 అంగుళమే ఉండేది. పది బార్ హోస్‌ను రెండు వందల బార్ పోర్టుకు బిగించే ప్రమాదం ఉందని దాన్ని 7/16కు పెంచారు. అంటే ఫిట్టింగ్‌లు కలవకపోవడం అన్నివేళలా కంపెనీల పన్నాగం కాదు. నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) సిలిండర్లకు యూరప్‌లో 26 మిల్లీమీటర్ల వేరే థ్రెడ్ పెట్టిందీ ఇదే లెక్కతో. పాత సామాను ఎవరైనా చవకగా ఇస్తానంటే ముందు ఈ పోర్టు కొలత చూడండి. కొన్నిటిలో ఒక తక్కువ ఒత్తిడి పోర్టు అర అంగుళం కూడా ఉంటుంది, దానికి అడాప్టర్ వెతుక్కోవాలి.

పక్కమాట ఒకటి. గేజ్ హోస్ తెగితే గాలంతా క్షణాల్లో పోతుందని చాలామంది భయపడతారు. నిజానికి ఆ పోర్టు లోపలి రంధ్రం సూదిమొనంత. తక్కువ ఒత్తిడి హోస్ తెగితేనే సిలిండర్ ఎన్నో రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది. అందుకే అదనపు హోస్ ఒకటే మోయగలిగితే తక్కువ ఒత్తిడిదే మోయండి.

కలిసింది కదా అని కడుపులో చల్ల కదలకుండా ఉండకండి

ప్రామాణిక థ్రెడ్ చెప్పేది ఒకటే, రెండూ కలుస్తాయని. కలిసి సరిగా పనిచేస్తాయని కాదు. ఫస్ట్ స్టేజ్ సిలిండర్ ఒత్తిడిని సుమారు 9, 10 బార్‌కు దించి హోస్‌లోకి పంపుతుంది. మామూలు సెకండ్ స్టేజ్‌లో వాల్వ్ గాలి ప్రవాహం వైపే తెరుచుకుంటుంది. ఫస్ట్ స్టేజ్ చెడి ఒత్తిడి పెరిగితే అదే తెరుచుకుని బయటికి వదిలేస్తుంది, గాలి వృథా అయినా హోస్ నిలుస్తుంది. పోసైడాన్ జెట్‌స్ట్రీమ్ వంటి కొన్ని సెకండ్ స్టేజ్‌లలో వాల్వ్ ప్రవాహానికి ఎదురుగా మూసుకుంటుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా. వాటికి విడిగా ఒత్తిడి వదిలే వాల్వ్ ఉండి తీరాలి. దాన్ని తీసుకొచ్చి వేరే కంపెనీ ఫస్ట్ స్టేజ్‌కు, ఆ వాల్వ్ లేకుండా తగిలిస్తే థ్రెడ్ ఏ అభ్యంతరమూ చెప్పదు. చెప్పవలసింది మనమే.

ఇంతకన్నా భయంకరమైనది సిలిండర్ మెడ. అమెరికా పద్ధతిలో అక్కడ ముప్పావు అంగుళం పైపు థ్రెడ్ (పేరుకే ముప్పావు, అసలు వెడల్పు 25 మిల్లీమీటర్ల కన్నా కాస్త ఎక్కువే), యూరప్ పద్ధతిలో 25 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల వాల్వ్‌ను ముప్పావు అంగుళం సిలిండర్‌లో తిప్పితే కొన్ని చుట్లు దిగి బిగిసినట్టే ఉంటుంది. పట్టు మాత్రం థ్రెడ్ కొనల మీదే. 25 మిల్లీమీటర్ల రంధ్రం మీద 207 బార్ అంటే దాదాపు ఒక టన్ను తోపు. నింపేటప్పుడు వాల్వ్ తుపాకి గుండులా లేస్తుంది. రెండూ ప్రామాణికాలే, రెండు వేర్వేరు ప్రమాణాలు. సిలిండర్ మెడ పని ఎప్పుడూ తెలిసినవారిదే.

ఇంకో సంగతి. రెగ్యులేటర్ పైకి అంతా ప్రమాణం, లోపల అంతా కంపెనీ సొంతం. సీటు, డయాఫ్రమ్, సర్వీసు కిట్, విప్పే పనిముట్లు, ఏవీ పక్క కంపెనీవి పనికిరావు. చాలా కంపెనీలు కిట్లను సొంత శిక్షణ పొందినవారికే అమ్ముతాయి. కాబట్టి రెగ్యులేటర్ విషయంలో బ్రాండ్ గుణగణాల చర్చ తర్వాత పెట్టుకోవచ్చు, మీరు దిగే కేంద్రం వారు ఏ బ్రాండ్ సర్వీసు చేస్తారు, చేయకపోతే ఏ ఊరికి పంపుతారు, ఎన్నాళ్లకు తిరిగివస్తుంది అన్నవి ముందు అడగండి. వారి అద్దె రెగ్యులేటర్లు ఏ కంపెనీవో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

సొంత ఫిట్టింగ్‌కూ ఒక న్యాయం ఉంది

నన్ను ఒడ్డున కూర్చోబెట్టిన ఆ కప్లింగ్‌ను తిట్టుకున్నాను గానీ, అది పనిలేక చేసినది కాదు. మామూలు ఇన్‌ఫ్లేటర్ మూతి బీసీడీ నింపడానికి చాలు, మనిషి ఊపిరికి చాలదు. లోతులో ఆయాసపడే మనిషికి కావలసినంత గాలి అందాలంటే దారి వెడల్పు కావాలి. వెడల్పు చేస్తే అందరి మూతితో కలవదు. లాభం ఏమిటంటే మెడ చుట్టూ ఒక హోస్ తగ్గుతుంది, రెగ్యులేటర్ మూట చిన్నదవుతుంది. కొందరు ఏళ్ల తరబడి అదే వాడుతున్నారు, హాయిగా ఉన్నారు.

నాకు దానితో ఉన్న పేచీ వేరు. అది ఆగకుండా గాలి వదలడం మొదలుపెడితే విప్పేయాలి. విప్పితే బీసీడీ నింపే దారి, అత్యవసర ఊపిరి రెండూ ఒకేసారి పోతాయి. స్నేహితుడికి గాలి ఇవ్వవలసి వస్తే నోట్లో ఉన్నది ఇచ్చి, మనం దీన్ని నోట్లో పెట్టుకుని, పైకి వస్తూ దీనితోనే బీసీడీ గాలి వదలాలి. మూడు పనులు ఒకే వస్తువుకు. విశాఖలో, అదనపు హోస్ ఒకటి సంచిలో పెట్టుకుంటానన్నవారికి తప్ప నేను ఇది చెప్పను. విడిగా ఆక్టోపస్, మామూలు నిప్పల్ (హోస్ తగిలే మూతి) ఉన్న ఇన్‌ఫ్లేటర్ కొనండి. ఆ నిప్పల్‌కు పడవలో ప్రతివారి హోస్ పడుతుంది.

మునగడానికి మోసే బరువుల జేబుల మీద నా తీర్పు ఇంకా కఠినం. బీసీడీలోనే సీసం పెట్టుకునే జేబులు నడుముకు సుఖం, ఒక్క లాగుతో విడిపోతాయి, నిజమే. కానీ ఆ క్లిప్ ఆ మోడల్‌కే పరిమితం, అదే కంపెనీ పక్క మోడల్‌కు కూడా పట్టకపోవచ్చు. ఒడ్డునుంచి అలల్లోకి నడిచి దిగేటప్పుడు ఒక జేబు జారిపోయిందా, ఇసుకలో దొరకదు, బజారులో అంతకన్నా దొరకదు. మోడల్ ఆపేశాక బీసీడీ మొత్తం పక్కన పెట్టినవారు నాకు తెలుసు. నడుము బెల్టు మాత్రం 50 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ, ఏ సీసం దిమ్మ అయినా ఎక్కుతుంది.

ఇదే లెక్కన జాకెట్‌కు బదులు వీపుకు స్టీలు ప్లేటు, దాని వెనక వింగ్ (గాలి నింపే సంచి) ఉండే పద్ధతి నాకు ఇష్టం. ప్లేటు మీద బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు, ఎవరి ప్లేటుకు ఎవరి వింగ్ అయినా పడుతుంది. భుజం పట్టీ అరిగితే పూర్ణా మార్కెట్‌లో సంచులు కుట్టేవారి దగ్గర రెండు అంగుళాల పట్టీ కొనుక్కోవచ్చు. మెత్తటి బస్తా పట్టీ కాకుండా బిగుతు నేత ఉన్నది ఎంచుకోవాలి, కొస మంటతో కాల్చి అంటించాలి. స్టెయిన్‌లెస్ కొక్కేలు ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరుకుతాయి, అయస్కాంతం, ఉప్పునీళ్ల బకెట్ రెండూ పెట్టి చూసుకోండి. మొదటి రెండు డైవ్‌లు పట్టీలు సర్దుకోవడానికే పోతాయి, విసుగు వస్తుంది, ఆ మాట ముందే చెబుతున్నాను.

లోతు, సమయం లెక్కగట్టే మణికట్టు డైవ్ కంప్యూటర్ల దగ్గర మాత్రం నా పట్టు సడలిస్తాను. సిలిండర్ ఒత్తిడిని మణికట్టుకు పంపే ట్రాన్స్‌మిటర్ 7/16 పోర్టుకే బిగుస్తుంది, భాష మాత్రం ఎవరిది వారిదే. గార్మిన్ డిసెంట్ కంప్యూటర్లకు సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, మాట్లాడే గార్మిన్ ట్రాన్స్‌మిటరే కావాలి. స్నేహితుల సిలిండర్ ఒత్తిడి కూడా మన మణికట్టు మీద కనిపించే సౌకర్యం దానివల్లే వచ్చింది. సుంటోకు సుంటోదే. షీర్‌వాటర్ ఇందులో కాస్త ఉదారం, పెలాజిక్ అనే మరో కంపెనీ పద్ధతి ట్రాన్స్‌మిటర్లనూ వింటుంది. పైగా దాని పెర్డిక్స్ మోడల్ మామూలు పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది, అది భీమిలి దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. చార్జింగ్ క్లిప్ ఇంట్లో మరిచిపోయి అండమాన్ ఓడ ఎక్కినవాడికి ఆ విలువ తెలుస్తుంది. అయినా ఏది కొన్నా ఫరవాలేదు. కంప్యూటర్ మూగబోతే పైకి వచ్చి ఆరోజుకు ఆపేస్తాం, ఊపిరి ఆగదు. ట్రాన్స్‌మిటర్ ఉన్నా మామూలు సూదిగేజ్ ఒకటి హోస్‌కు ఉంచుకోండి, అంతే. డైవ్ వివరాలు కంపెనీ యాప్‌లో చిక్కుకుపోతాయన్న బెంగ ఉంటే సబ్‌సర్ఫేస్ ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 2011లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం, చాలా కంపెనీల కంప్యూటర్లనుంచి లాగ్ తీసుకుంటుంది.

టార్చికి విడిగా తీసి చార్జి చేసుకునే 18650 లేదా 21700 బ్యాటరీ ఉన్నది, కెమెరా పట్టుకు ఒక అంగుళం బంతి బిగింపు ఉన్నది చూసుకోండి. వీటిమీద ఇంతకన్నా ఆలోచన అక్కర్లేదు.

స్టీల్‌ప్లాంటులో పనిచేసే కుర్రవాడొకడు, నాకు తమ్ముడి వరస, కిందటి వేసవిలో ఈ ప్రశ్నలన్నీ వేసి నన్ను తినేశాడు. చివరికి 300 రకం డిన్ రెగ్యులేటర్, యోక్ అడాప్టర్, విడి ఆక్టోపస్, ప్లేటు, వింగ్ కొన్నాడు. కంప్యూటర్ చార్జింగ్‌దే తీసుకున్నాడు, నేను వద్దనలేదు. ఫిన్స్ (ఈదడానికి పాదాలకు తొడిగే రెక్కలు) దగ్గర మాత్రం నా మాట వినలేదు. “అన్నా, ఈ బకిల్ చూడు, ఒక్క వేలితో ఊడుతుంది” అన్నాడు. మూడో డైవ్‌కు ముందు పడవలో నిజంగానే ఊడింది, రెండు ముక్కలుగా. ఫిషింగ్ హార్బర్‌లో కొన్న సాగే తాడు మూర ముక్క మడమ వెనక ముడివేసుకుని అప్పటినుంచి ఈదుతున్నాడు. కొత్త బకిల్ దారిలో ఉందని కొరియర్ వారు ప్రతి సోమవారం సందేశం పంపుతూనే ఉన్నారు.